ఆఖరి సినిమా, పాత బాకీలు

సిరీస్ సినిమాల్లో ఒక విచిత్రం ఉంది. ఆఖరి భాగం మీద ఎక్కువగా సణిగేది ఆ కథను అంతగా పట్టించుకోనివాళ్లు కాదు, దాన్ని పదేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగినవాళ్లు. హాగ్వార్ట్స్ అనే మంత్రాల బడిలో చదివే కుర్రాడు హ్యారీ పోటర్ కథలో, 2011 జూలై 15న విడుదలైన ఎనిమిదో, ఆఖరి సినిమానే తీసుకోండి. విమర్శకులు దాదాపు ఒక్క గొంతుతో మెచ్చుకున్నారు. ప్రపంచమంతటా సుమారు 134 కోట్ల డాలర్లు వసూలయ్యాయి. అప్పటికి అంతకన్నా ఎక్కువ రాబట్టినవి 'అవతార్', 'టైటానిక్' రెండే. అయినా ఏడు పుస్తకాలూ చదివి థియేటర్‌కి వెళ్లినవాళ్లు బయటికొచ్చి వాదించుకున్నది యుద్ధం ఎంత బాగా తీశారన్నదాని గురించి కాదు. హ్యారీ స్నేహితుడు రాన్ అన్న ఫ్రెడ్ ఎలా చనిపోయాడో ఎందుకు చూపించలేదు? హ్యారీ తన విరిగిన మంత్రదండాన్ని ఎందుకు బాగుచేసుకోలేదు? దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్ శవం ఏమైంది? ఇవీ వాళ్ల గొడవలు.

దీన్నంతా చాదస్తమని కొట్టిపారేయడం తేలికే. కానీ ఏళ్ల తరబడి సాగే కథ ప్రేక్షకుడి దగ్గర అప్పు చేస్తూనే సాగుతుంది. ఒకరి చేతిలో అద్దం ముక్క పెడుతుంది, ఒకరి గతాన్ని సగమే చెబుతుంది, ఒక పిరికి పిల్లాణ్ని మూలన నిలబెట్టి ఉంచుతుంది. "తర్వాత చెబుతాం" అన్న మాట నమ్మి ప్రేక్షకుడు ఇంటికెళ్లిపోతాడు. మధ్య భాగాలు వడ్డీ కట్టి నెట్టుకొస్తాయి. ఆఖరి భాగానికి ఆ వీలు లేదు, అసలు తీర్చాల్సిందే. అభిమానుల మాటల్ని పొగడ్తలుగా, తిట్లుగా విడదీయకుండా ఈ లెక్కలో చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి. ఎవరు ఏ బాకీ గుర్తుపెట్టుకుని వచ్చారన్నదాన్ని బట్టే వాళ్లు ఏమంటారన్నది ఉంటుంది.

బెంగళూరులోని తెలుగువాళ్లను చూస్తే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇక్కడ తెలుగు అంటే ఒకటే గుంపు కాదు. తరాలుగా ఇక్కడే ఉండి, ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే కుటుంబాలు ఒకవైపు. ఉద్యోగాల కోసం ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, వైట్‌ఫీల్డ్ పీజీల్లో దిగినవాళ్లు ఇంకోవైపు. మొదటివాళ్ల పిల్లలకు ఈ కథ ఎక్కువగా పుస్తకాలుగానే పరిచయం. రెండోవాళ్లలో పుస్తకాలు చదివినవాళ్లూ ఉన్నారు, సినిమాలు మాత్రమే చూసినవాళ్లూ ఉన్నారు, ఊళ్లో ఉన్నప్పుడు తెలుగు డబ్బింగులో చూసినవాళ్లూ ఉన్నారు. ఒకే శుక్రవారం, ఒకే హాల్లో, పక్కపక్క సీట్లలో కూర్చున్నా వీళ్లు చూసింది ఒకే సినిమా అనుకోలేం.

వయసు లెక్క కూడా కలిసొచ్చింది. హ్యారీగా నటించిన డేనియల్ రాడ్‌క్లిఫ్ 1989 జూలైలో పుట్టాడు, హెర్మయినీగా వేసిన ఎమ్మా వాట్సన్ 1990 ఏప్రిల్లో. అదే ఈడు తెలుగు పిల్లలు ఇంటర్ తర్వాత 2007లో ఇంజనీరింగ్‌లో చేరితే బయటపడేది 2011 వేసవిలో. అంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్ కాగితం పట్టుకుని, బ్యాగు సర్దుకుని, ట్రైనింగ్ కోసం బెంగళూరులో దిగే రోజులకే ఈ సిరీస్ ముగిసింది. పోస్టర్ల మీద "ఇట్ ఆల్ ఎండ్స్" అని రాసి ఉంది. నిర్మాణ సంస్థ దాన్ని సినిమా గురించి రాసింది గానీ, ఆ బ్యాచ్ వాళ్లు దాన్ని తమ గురించి చదువుకున్నారు. "మన చిన్నతనం అయిపోయింది" అన్న మాట ఆ ఏడాది ఎన్ని నోళ్ల నుంచి వచ్చిందో! అందులో ప్రచారం పాలు ఎక్కువే. అయితే ప్రచారం అంత బాగా అతుక్కోవడానికి కారణం క్యాలెండరు.

పుస్తకాలు చదివినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కథ 2011లో కాదు, 2007 జూలై 21నే అయిపోయింది. ఏడో పుస్తకం బ్రిటన్‌లో అర్ధరాత్రి దాటగానే అమ్మకానికి వచ్చింది. మన గడియారంలో అది తెల్లవారుజాము 4 గంటల 31 నిమిషాలు. దేశంలోని పెద్ద నగరాల్లో ఆ వేళకే షాపుల ముందు పిల్లలు, వాళ్ల వెనక నిద్రమొహాల తల్లిదండ్రులు క్యూ కట్టారు. కొత్త పుస్తకం కొనలేనివాళ్లకు బెంగళూరులో చర్చ్ స్ట్రీట్ ఉంది. బ్లాసమ్స్ లాంటి పుస్తకాల షాపులో పాత కాపీ దొరికేదాకా ఆగడమే. ఇలా చదివినవాళ్లకు సినిమా నాటికి ముగింపు తెలుసు, ఎవరు పోతారో తెలుసు. సస్పెన్స్ ఏమీ లేదు. వాళ్లు వెళ్లింది తనిఖీకి. నాలుగేళ్లుగా మనసులో రాసిపెట్టుకున్న జాబితా పక్కన తెర మీద ఒక్కొక్కటే టిక్కు పడుతుందో లేదో చూసుకోవడానికి.

మూడో రకం, తెలుగులో చూసినవాళ్లు. మొదటి పుస్తకం 'పరుసవేది' పేరుతో తెలుగులోకి వచ్చింది గానీ, సిరీస్ మొత్తం చదివిన తెలుగువాళ్లు దాదాపు అందరూ ఇంగ్లీషులోనే చదివారు. కాబట్టి ఇంగ్లీషు చదువు అందనివాళ్లకు ఈ కథలోకి దారి డబ్బింగ్ సినిమా, టీవీ. పక్కింటి కన్నడ పిల్లలకు ఆ దారి కూడా లేదు. కన్నడ చిత్ర పరిశ్రమ దశాబ్దాలపాటు డబ్బింగ్‌ను దగ్గరికి రానివ్వలేదు. 2015లో వ్యాపారంలో పోటీకి అడ్డు లేకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ దాన్ని తప్పుపట్టి జరిమానా వేసేదాకా ఆ పట్టు సడలలేదు. అందుకే బెంగళూరులో ఈ కథ గురించి మాట్లాడుకోవడమంటే ఇంగ్లీషులో మాట్లాడుకోవడమే అయింది. తెలుగులో చూసినవాడు ఆ కబుర్లలో కొంచెం వెనక్కి జరిగి కూర్చునేవాడు. వాడికి ఫిర్యాదులు లేవని కాదు, వాటిని అడిగేవాళ్లు లేరు.

పుస్తకం చదవని ప్రేక్షకుడి ఇబ్బంది నిజానికి ఇంకా ఆసక్తికరం. తాను ఎప్పుడూ ఇవ్వని అప్పును ఎవరో తెచ్చి చేతిలో పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది అతని పరిస్థితి. ఏడో సినిమాలో హ్యారీ చేతిలో ఒక అద్దం ముక్క కనిపిస్తుంది, అందులో ఎవరిదో కన్ను. పుస్తకాల్లో అది హ్యారీ తండ్రి స్నేహితుడు సిరియస్ ఇచ్చిన జంట అద్దాల్లో ఒకటి, ఐదో పుస్తకంలోనే వస్తుంది. ఐదో సినిమాలో దాన్ని తీసేశారు. తీరా ఏడో సినిమాకొచ్చాక అది లేకపోతే కథ నడవదు గనక ఏ పరిచయమూ లేకుండా పెట్టేశారు. అలాగే ఆఖరి సినిమాలో అడవి సన్నివేశం. చనిపోయిన తన పాత టీచరు లూపిన్‌తో హ్యారీ అతని కొడుకు గురించి మాట్లాడతాడు. లూపిన్, అతని భార్య టాంక్స్‌లకు బిడ్డ పుట్టాడని సినిమాల్లో ఎక్కడా తేటగా చెప్పలేదు. టాంక్స్ ఒకసారి ఏదో శుభవార్త చెప్పబోతుంది, సహచరుడు మూడీ అడ్డుపడతాడు, అంతే. "ఏంటక్కా, వీడికి కొడుకెప్పుడు పుట్టాడు?" అని పక్కసీటు తమ్ముడు గుసగుసగా అడిగితే, ఏడుస్తున్న అక్క ఏం చెబుతుంది?

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద గొడవకు వద్దాం, వోల్డెమార్ట్ చావు. పుస్తకంలో అది హాగ్వార్ట్స్ గ్రేట్ హాల్‌లో జరుగుతుంది. చుట్టూ విద్యార్థులు, గురువులు, తల్లిదండ్రులు నిలబడి ఉంటారు. హ్యారీ, వోల్డెమార్ట్ గుండ్రంగా తిరుగుతూ మాట్లాడుకుంటారు. అన్నిటికన్నా శక్తిమంతమైన మంత్రదండం ఎల్డర్ వాండ్ అసలు ఎవరి సొత్తో, బడిలో టీచరైన స్నేప్ ఎవరి మనిషో హ్యారీ అందరికీ వినబడేలా చెబుతాడు. ఆ తర్వాత చెరొక మంత్రం. వోల్డెమార్ట్ మామూలు మనిషిలా కిందపడి పోతాడు, శవం నేల మీద మిగులుతుంది. సినిమాలో ఇద్దరూ బురుజుల మీంచి కలిసి దూకుతారు, ఎగురుతారు, చివరికి పాడుబడ్డ ఆవరణలో ఇద్దరే మిగులుతారు. వోల్డెమార్ట్ పొరలు పొరలుగా ఊడి గాల్లో కలిసిపోతాడు. లోపల ఉన్నవాళ్లెవరూ చూడరు.

పాఠకుల కోపం విజువల్ ఎఫెక్ట్స్ మీద కాదు. చావుకు సాక్షులు లేరన్నదే అసలు బాధ. మన పౌరాణిక కథల అలవాటున్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. శిశుపాలుడి తల తెగింది రాజసూయ సభలో, రాజులందరి ఎదుట. హిరణ్యకశిపుడు చచ్చింది తన కొలువులో, తన స్తంభం ముందే. దుర్మార్గుడు పోవడం ఒక ఎత్తు, వాడికి భయపడ్డవాళ్లందరి కళ్లముందు పోవడం మరో ఎత్తు. ఏళ్ల తరబడి పేరు పలకడానికే వణికిన జనం, "వాడు మామూలు మనిషే" అని శవాన్ని చూసి తెలుసుకోవాలి. పుస్తకం ఆ బాకీని తీర్చింది. సినిమా దాన్ని బూడిద చేసి త్రీడీ కళ్లద్దాల మీదికి ఎగరేసింది. ఈ సిరీస్‌లో మొత్తంగా త్రీడీలో విడుదలైన మొదటి సినిమా ఇదే. ఆ బూడిదకూ ఆ కళ్లద్దాలకూ సంబంధం లేదనుకోవడం కష్టం.

స్నేప్ విషయంలో మాత్రం లెక్క తిరగబడింది. ఇక్కడ సినిమా పుస్తకం కన్నా ఎక్కువ చెల్లించింది. హ్యారీ తల్లి లిలీ శవాన్ని ఒళ్లోకి తీసుకుని స్నేప్ ఏడ్చే దృశ్యం పుస్తకంలో లేదు. రచయిత్రి రౌలింగ్ స్నేప్ గురించిన ఒక రహస్యాన్ని ఏడో పుస్తకం రాకముందే, స్నేప్ పాత్ర వేసిన అలన్ రిక్‌మన్‌కు చెప్పింది, ఆయన దాన్ని మనసులో పెట్టుకునే అన్ని సినిమాల్లోనూ నటించాడు. ఆ పొదుపంతా ఆ కొద్ది నిమిషాల్లో బయటపడింది. హాల్లో చదివినవాళ్లూ చదవనివాళ్లూ కలిసి కళ్లు తుడుచుకున్న చోటు ఇదొక్కటే అనొచ్చు.

చిక్కు ఆ తర్వాత మొదలైంది. పుస్తకంలో స్నేప్, లిలీల స్నేహం తెగిపోవడానికి కారణం ఉంది. కుర్రతనంలో అందరి ముందూ అవమానం జరిగినప్పుడు, కాపాడబోయిన లిలీనే అతను 'మడ్‌బ్లడ్' అని తిడతాడు. పుట్టుకను పట్టుకుని తిట్టే తిట్టు అది. ఇంగ్లీషు దేశాల పాఠకుడికి దాన్ని వివరించి చెప్పాలేమో గానీ, తెలుగు పాఠకుడికి అక్కర్లేదు. మన దగ్గర కులం పేరుతో తిట్టే తిట్లు అందరికీ తెలిసినవే. ఆ ఒక్క మాటతో లిలీ తలుపు మూసేసింది. సినిమాల్లో స్నేప్ ఆ మాట అనడు. దాంతో సినిమా స్నేప్ మచ్చలేని భగ్నప్రేమికుడయ్యాడు, పుస్తకం స్నేప్ తప్పు చేసి జీవితాంతం దాన్ని మోసిన మనిషిగా మిగిలాడు. భగ్నప్రేమికుడంటే దేవదాసు కాలం నుంచీ తెలుగువాళ్లకు ఒక మెత్తదనం ఉంది. అందుకే సినిమా మాత్రమే చూసిన తెలుగు అభిమాని స్నేప్‌ను గుండెల్లో పెట్టుకుంటే, చదివిన అమ్మాయి "అదేం ప్రేమ? ఆమె కొడుకుని ఆరేళ్లు ఏడిపించాడు కదా!" అని ఎదురు తిరుగుతుంది. ఇద్దరూ చెబుతున్నది నిజమే, కాకపోతే ఇద్దరు వేర్వేరు స్నేప్‌ల గురించి. 2016 జనవరిలో రిక్‌మన్ పోయినప్పుడు ఈ తగువు కొన్నాళ్లు ఆగింది.

పూర్తిగా తీరిన బాకీలూ ఉన్నాయి. అందరూ ఏడిపించిన నెవిల్ కత్తి దూసి వోల్డెమార్ట్ పాము తల నరకడం, వంటింటికి పరిమితమైన తల్లిగా కనిపించే, రాన్ అమ్మ మాలీ వీస్లీ, కూతురి మీదికొచ్చిన వోల్డెమార్ట్ అనుచరురాలు బెల్లాట్రిక్స్‌ను మట్టుపెట్టడం, ముసలి టీచరు మెక్‌గొనగల్ రాతిబొమ్మలకు ప్రాణం పోసి చిన్నపిల్లలా సంబరపడటం. వీటికి ఈలలు పడ్డాయంటే ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషు సినిమాకు బెంగళూరు మల్టీప్లెక్స్ జనం సాధారణంగా నోరు మెదపరు. తెలుగు కుర్రాళ్లు ఉన్న వరస మాత్రం అలా ఉండలేదు, ఉండదు కూడా. అసలు నెవిల్ ఘట్టం మన సినిమాల ఎంట్రీ సీన్‌కు ఏమాత్రం తీసిపోదు. పదేళ్లు ఆలస్యంగా వచ్చిన ఎంట్రీ, అంతే.

ఫ్రెడ్ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. పుస్తకంలో అతను నవ్వుతూ, ఇల్లు విడిచిపోయి అప్పుడే తిరిగొచ్చిన అన్న పెర్సీ జోకుకు మురిసిపోతూ చనిపోతాడు. ఒక తమ్ముడి చావు, ఒక అన్న క్షమాపణ ఒకే రాత్రిలో పడతాయి. సినిమాలో ఆ చావును చూపించరు, ఫ్రెడ్ శవం నేల మీద కనిపిస్తుంది, అంతే. పెర్సీ కథ అంతకుముందే ఎగిరిపోయింది కాబట్టి అతని క్షమాపణకు చోటు లేదు. ఆఖరి సినిమా చేసిన తప్పుగా కనిపించేవి చాలావరకు నాలుగో, ఐదో, ఆరో సినిమాల్లో చేసిన కోతల ఫలితం. తిట్లు మాత్రం చివర వచ్చినదానికి పడతాయి.

ఇక ఎపిలోగ్. పందొమ్మిదేళ్ల తర్వాత కింగ్స్ క్రాస్ స్టేషన్లో పెద్దవాళ్లయిన హ్యారీ, రాన్, హెర్మయినీ తమ పిల్లల్ని బడికి పంపే సన్నివేశం. మొదటిసారి తీసినప్పుడు ముసలితనం మేకప్ కుదరలేదని 2010 డిసెంబరులో మళ్లీ తీశారు. అయినా థియేటర్లలో నవ్వులు పడ్డాయి. రాన్ పొట్ట చూసి ఇంకొంచెం ఎక్కువ. ఇంగ్లీషు అభిమానుల్లో ఈ అధ్యాయమే అనవసరమనే వర్గం గట్టిది. తెలుగు ప్రేక్షకులకు ఇందులో అంత ఇబ్బంది కనిపించలేదు. రాక్షసుడు చచ్చాక పెళ్లిళ్లు, పిల్లలు, గ్రూప్ ఫోటో, శుభం కార్డు చూసి పెరిగినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు.

మనకున్న ఆ అలవాటు సినిమాలకన్నా చాలా పాతది. రామాయణ పారాయణం చేసేవాళ్లు చాలామంది పట్టాభిషేకంతో ఆపేస్తారు. ఉత్తరకాండ వాల్మీకిది కాదనే వాదన ఎంతకాలంగానో ఉంది. విశ్వనాథ సత్యనారాయణ కల్పవృక్షం కూడా యుద్ధకాండతోనే ముగుస్తుంది. కష్టపడి గెలిచినవాణ్ని సింహాసనం మీద కూర్చోబెట్టాక మళ్లీ అడవుల పాలు చేయడానికి చేతులు రావు. హ్యారీ పోటర్‌కు ఆ ఉత్తరకాండ 2016 జూలైలో వచ్చింది, 'కర్స్‌డ్ చైల్డ్' అనే నాటకం రూపంలో. అది హ్యారీ కొడుకు ఆల్బస్ కథ. తండ్రీకొడుకులకు పడదు, పాత గాయాలు మళ్లీ రేగుతాయి. లండన్‌లో నాటకంగా చూసినవాళ్లు మెచ్చుకున్నారు. పుస్తకంగా మాత్రమే చదివిన బెంగళూరు అభిమానుల్లో చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. ఏడు పుస్తకాలే అసలు, మిగతాది మాకు పట్టదు అంటారు. కానీ ఈ పోలికను మరీ బిగించకూడదు. పట్టాభిషేకం దగ్గర పుస్తకం మూసేసే ఈ తెలుగువాళ్లే 1963లో 'లవకుశ' చూడటానికి బళ్లు కట్టుకుని పోయారు. రాముడి కొడుకుల కథ బాగా చెబితే చూస్తారు. ఉత్తరకాండ కావడం ఒక్కటే నేరం కాదన్నమాట.

డబ్బు సంగతి కొంచెం. ఏడో పుస్తకాన్ని రెండు సినిమాలుగా విడగొట్టి 2010 నవంబరులో ఒకటి, ఎనిమిది నెలలకు ఇంకొకటి వదిలారు. కథ పెద్దది, న్యాయం చేయాలి అన్నది ఇచ్చిన కారణం. విచిత్రంగా రెండో భాగం 130 నిమిషాలే, ఎనిమిదింటిలోనూ అదే పొట్టిది. అన్ని బాకీలు తీర్చాల్సిన సినిమాకు అంత తక్కువ నిడివి ఎందుకో అభిమానులకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ దారి బాగుందని తర్వాత 'ట్విలైట్', 'హంగర్ గేమ్స్' కూడా ఆఖరి పుస్తకాన్ని రెండు ముక్కలు చేశాయి. దీనికి పూర్తి వ్యతిరేకం 2003లో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మూడో సినిమా. మూడు గంటల ఇరవై నిమిషాల పైచిలుకు నిడివి, పదకొండు ఆస్కార్లు, అయిపోయిందనుకుని లేచినవాణ్ని మళ్లీ మళ్లీ కూర్చోబెట్టే ముగింపులు. ఇన్ని ముగింపులున్నా థియేటర్ వెర్షన్‌లో దుష్ట మాంత్రికుడు సారుమాన్ చావు లేదు. ఆ పాత్ర వేసిన క్రిస్టఫర్ లీ నొచ్చుకున్నాడు. నాలుగు గంటలు దాటిన డీవీడీ వెర్షన్‌లో గానీ ఆ లెక్క సరిచేయలేదు.

పుస్తకమే లేని కథకు అభిమానులు ఎలా స్పందిస్తారు? దానికి బెంగళూరు తెలుగువాళ్ల దగ్గర సొంత అనుభవం ఉంది. 2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం ఒక్క ప్రశ్న దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా దేశమంతా అదే ప్రశ్న. హ్యారీ పోటర్ ప్రేక్షకుల దగ్గర తలా ఒక జాబితా ఉంటే, ఇక్కడ అందరి దగ్గరా ఒకే కాగితం: కట్టప్ప ఎందుకు చంపాడు? చదివినవాడు, చదవనివాడు అన్న తేడా లేదు. రెండో సగంలో జవాబు వచ్చేసింది. తరతరాల బానిస మాట, మోసపోయిన శివగామి ఆజ్ఞ. "ఇంతేనా" అన్నవాళ్లు ఉన్నారు, అయినా అది పెద్ద తగువు కాలేదు. బాకీ ఒకటే అయి, అది అందరి ముందూ తీరితే, తీర్చిన తీరు మీద జనం పెద్దగా బేరం ఆడరు. సినిమా వెయ్యి కోట్ల వసూళ్లు దాటిన మొదటి భారతీయ చిత్రమైంది.

బెంగళూరులో మాత్రం ఆ ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న వచ్చి నిలబడింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తర్వాత, అసలు కట్టప్పను ఊళ్లోకి రానిస్తారా? కావేరీ వివాదం సందర్భంగా కట్టప్పగా వేసిన నటుడు సత్యరాజ్ అప్పటికి తొమ్మిదేళ్ల కిందట చేసిన వ్యాఖ్యల మీద కన్నడ సంఘాలు విడుదలను అడ్డుకుంటామన్నాయి, ఏప్రిల్ 28న బెంగళూరు బంద్‌కు పిలుపిచ్చాయి. రాయచూరు జిల్లాలో పుట్టిన రాజమౌళి కన్నడంలో విజ్ఞప్తి చేశాడు. సత్యరాజ్ విచారం వ్యక్తం చేశాక, విడుదలకు వారం ముందు బంద్ ఆగింది. ఈ టెన్షన్‌లో తెలుగు అభిమానులు గట్టిగా మాట్లాడలేదు. పరాయి ఊళ్లో ఉద్యోగం చేసుకునేవాళ్లకు ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. సోమవారం మేడే సెలవు కలిసొచ్చి వరుసగా నాలుగు రోజుల సందడి అయింది. మల్టీప్లెక్స్ టికెట్లకు 200 రూపాయల పరిమితి పెడతామని కర్ణాటక ప్రభుత్వం మార్చి బడ్జెట్‌లోనే చెప్పింది. ఉత్తర్వు వచ్చింది మే నెలలో. మొదటి వారాంతం టికెట్లు ఎంతకు కొన్నారో అడిగితే ఇప్పటికీ నవ్వి ఊరుకుంటారు.

బాహుబలి కూడా కొన్ని లెక్కలు ఎగ్గొట్టింది. మొదటి భాగంలో కన్నడ హీరో సుదీప్ ఆయుధాల వ్యాపారి అస్లాం ఖాన్‌గా వచ్చి, అవసరమైతే అండగా ఉంటానని కట్టప్పకు మాటిస్తాడు. రెండో భాగంలో అతని జాడే లేదు. తెలుగు ప్రేక్షకులు పెద్దగా పట్టించుకోని ఈ లోటు బెంగళూరు ఆఫీసుల్లో కన్నడ కొలీగ్స్‌కు బాగా గుర్తుంది, ఎందుకో చెప్పక్కర్లేదు. మొదటి భాగం అంతా కత్తి పట్టి తిరిగిన అవంతిక రెండో భాగంలో గుంపులో ఒకతె అయింది. 2025 అక్టోబరు 31న రెండు భాగాలనూ కలిపి ఒకే సినిమాగా విడుదల చేసినప్పుడు ఆమె ప్రేమకథను చాలావరకు కత్తిరించారు. తీర్చని బాకీని ఇప్పుడు తీర్చడం కుదరదు కాబట్టి పద్దులోంచే కొట్టేశారు. నిడివి కోసం అది తప్పకపోవచ్చు. అయినా మొదటి భాగంలో ఆమెను ఇష్టపడ్డవాళ్లకు ఇది రెండోసారి జరిగిన అన్యాయం.

హ్యారీ పోటర్ నిర్మాతలు అంతకన్నా పెద్ద పనే పెట్టుకున్నారు. మొత్తం కథను ఒక్కో పుస్తకానికి ఒక్కో సీజన్ చొప్పున సీరియల్‌గా మళ్లీ తీస్తామని 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు. 2025లో షూటింగ్ మొదలైంది. అప్పటి ఫ్రెషర్లు ఇప్పుడు మేనేజర్లయ్యారు, వాళ్ల పిల్లలు మొదటి పుస్తకం చదివే ఈడుకు వస్తున్నారు. పాత జాబితాలు మళ్లీ బయటికొచ్చాయి: పెర్సీ క్షమాపణ, క్రీచర్ నాయకత్వంలో యుద్ధంలోకి దూకిన ఎల్ఫ్‌లు అనే సేవక జీవులు, హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ చెల్లెలి కథ, గ్రేట్ హాల్‌లో జనం మధ్య చావు. వీటికన్నా ముందు అడిగేది మాత్రం పీవ్స్ అనే అల్లరి దయ్యం గురించి. మొదటి సినిమా కోసం నటుడు రిక్ మేయల్‌తో ఆ పాత్ర తీసి, ఎడిటింగ్‌లో తీసేశారు. ఎనిమిది సినిమాల్లో ఎక్కడా పీవ్స్ లేడు. ఏడో పుస్తకంలో యుద్ధం గెలిచిన వెంటనే బడి వరండాల్లో ఎగురుతూ గెలుపు పాట అందుకునేది అతనే. 2001 నుంచి నిలిచిపోయిన పద్దు ఇది.